మా షెడ్డులోని ఎర్ర డబ్బా గారికి

గౌరవనీయులైన రిజెక్షన్ డబ్బా గారికి,

జీడిమెట్లలోని, కంప్యూటరు ఆదేశాలతో లోహం చెక్కే మెషీన్లున్న మా చిన్న సీఎన్‌సీ షెడ్డులో, కంప్రెసర్ పక్కన, ఎర్ర రంగు పూసుకుని, సైజు తప్పిన పీసులన్నీ స్వీకరిస్తూ కొలువుదీరిన తమకు, యజమానినని చెప్పుకుంటున్న నేను నమస్కరించి వ్రాయునది. బ్యాంకులో పూచీ సంతకం పెట్టకుండా, జీఎస్టీ గడువు ఎప్పుడో తెలియకుండా, కరెంటు బిల్లు ముఖమైనా చూడకుండా ఈ వ్యాపారంలో నాకంటే పెద్ద వాటా తీసుకుంటున్న భాగస్వామి తమరేనని ఈ మధ్యనే తెలిసింది. ఆ సంగతి ఆడిటరు చెప్పలేదు, చలాను వెనుక నేను వేసుకున్న లెక్క చెప్పింది.

25 మిల్లీమీటర్ల మందం పిన్ను ఒకటి తయారు కావడానికి ఉక్కు కడ్డీకి 50 రూపాయలు, కూలి, కరెంటు, మెషీను కిస్తీ కలిపి 40 రూపాయలు అవుతాయి. దానిని 105కు అమ్మితే మిగిలేది 15. అదే పిన్ను సైజు తప్పి తమ ఒడిలో పడితే, పాత ఇనుము కొనేవాడిచ్చే 17 పోను 73 రూపాయలు నష్టం. అంటే ఒక చెడ్డ పిన్ను దాదాపు ఐదు మంచి పిన్నుల లాభాన్ని మింగి కూర్చుంటుంది. పోయిన నెల 200 పిన్నుల లాటులో 22 తమకు నైవేద్యం పెట్టాము. 3,000 రావలసిన చోట నా చేతికి 1,064 వచ్చింది. నేనేమో ఆ నెలంతా కడ్డీల వ్యాపారితో కిలోకు రూపాయి తగ్గించమని బేరమాడుతూ, పనివాళ్ల రెండో పూట టీ మాన్పించి, ఖర్చులు అదుపు చేస్తున్నానని మురిసిపోయాను.

ఆ 22 ఎలా పుట్టాయో కూడా తమకు విన్నవించాలి. లోహాన్ని చెక్కే మొనలు, అంటే ఇన్సర్టులు, ఖరీదైనవని బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నది నేనే. మొన అరిగేకొద్దీ పిన్ను లావెక్కుతుంది కనుక, నన్ను అడగడానికి జంకిన మా ఆపరేటరు, మెషీనుకిచ్చే కొలత సవరణ అయిన ఆఫ్‌సెట్‌లో పది మైక్రాన్లు (మిల్లీమీటరులో వందో వంతు), ఇంకో పది మైక్రాన్లు తగ్గిస్తూ నెట్టుకొచ్చాడు. చివరికి మొన విరిగితే కొత్తది బిగించాడు గానీ, తగ్గించిన ఆఫ్‌సెట్‌ను సరిచేయడం మరిచిపోయాడు. డ్రాయింగు ప్రకారం 24.98 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడని పిన్నును ఆ కొత్త మొన, ఎంతో క్రమశిక్షణతో, వరుసగా 24.94కు చెక్కింది. మొదటి పీసు ఎందుకు కొలవలేదని గద్దించాను. "పీసులు తగ్గితే మీరే తిడతారు కద సార్" అన్నాడు. కొలిచే సాధనమైన మైక్రోమీటరు పక్క మెషీను మీద, నూనెగుడ్డ కింద నిద్రపోతూ దొరికింది.

జపానులో సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేదట. మా దగ్గర మెషీను ఆగితే ఆఫీసు గదిలో నా గుండె ఆగుతుంది. అందుకే ఇక్కడ ఏ తప్పూ మధ్యలో ఆగదు, తమ దాకా సాఫీగా నడిచి వస్తుంది.

పనికిరాని సరుకు మంచిదానిలో కలవకుండా గుర్తించి అదుపులో ఉంచమని నాణ్యత ప్రమాణమైన ఐఎస్ఓ 9001:2015లోని 8.7 నిబంధన చెబుతుంది. ఆ పుణ్యాన తమకు రంగూ బోర్డూ దక్కాయి. కారణం వెదికి, అది మళ్లీ జరగకుండా చూడమని 10.2లో ఉంది గానీ, మేము అంతదూరం చదవలేదు. కొనుగోలుదారు తనిఖీకి వచ్చినప్పుడు తమపై టార్పాలిన్ కప్పి జనరేటరు వెనుక దాచిన అపచారానికి మన్నించగలరు.

ఇప్పుడు ఇన్సర్టులు మెషీను పక్కకే చేరాయి. మొన మార్చిన ప్రతిసారీ మొదటి పిన్ను కొలిచి, అంకె రాసిన తరువాతే రెండోది మొదలవుతుంది. దానికి రెండు నిమిషాలు పడుతుంది. దానివల్ల ఈ వారం తమకు మూడు పిన్నులే ముట్టాయి. శనివారం వచ్చిన పాత ఇనుము మనిషి తమలోకి తొంగిచూసి, "ఏం సార్, ఆర్డర్లు లేవా?" అని నన్ను జాలిగా పరామర్శించి వెళ్లాడు.

ఇట్లు,
తమ చిన్న వాటాదారు