న్యాయ సలహాకు మేయర్ అనుమతి ఎందుకు?

కౌన్సిల్ సభ్యులు నగర న్యాయవాదిని ఏది అడగాలన్నా మేయర్ కార్యాలయం ద్వారానే వెళ్ళాలన్న ప్రతిపాదనను సమర్థిస్తూ వచ్చిన ఒక వ్యాసానికి ఇది నా జవాబు. నేను ఒప్పుకోలేను. మేయర్ తెచ్చిన ఒప్పందంలోనే చట్టపరమైన లోపం ఉందని ఒక సభ్యురాలికి అనుమానం వస్తే, ఆమె మేయర్‌నే అనుమతి అడగాలా? అలాంటి ప్రశ్న ఆ గడప దాటదు.

సభ్యులందరూ నేరుగా అడిగితే న్యాయవాది ఖర్చు పెరుగుతుందన్న భయం అబద్ధమేమీ కాదు. అందుకని తలుపు మూసేయనక్కరలేదు. ఎజెండాలోని అంశంపై చిన్న సందేహాన్ని ఎవరైనా నేరుగా అడగనివ్వండి. రోజుల తరబడి పరిశోధన కావలసిన అభిప్రాయానికి మాత్రం కౌన్సిల్ తీర్మానం పెట్టండి.

వ్యాసం అసలు ముట్టుకోనిది ఇంకొకటి ఉంది. ఆ న్యాయవాది క్లయింటు ఎవరు? మేయర్ కాదు, ఏ ఒక్క సభ్యుడూ కాదు, నగరపాలక సంస్థ. అమెరికాలోని న్యాయవాదుల సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్, న్యాయవాదుల ప్రవర్తన కోసం రాసిన నమూనా నియమావళిలోని 1.13వ నియమం కూడా సంస్థ నియమించుకున్న న్యాయవాది ఆ సంస్థకే ప్రాతినిధ్యం వహిస్తాడని చెబుతుంది. అందుకే లిఖితపూర్వక అభిప్రాయం ఎవరు అడిగినా సభ్యులందరికీ ఒకేసారి చేరాలి. సభ్యుల సొంత కేసులకు, ఎన్నికల గొడవలకు ఆయనను వాడుకోకూడదు. వాటికి ఎవరి న్యాయవాదిని వారే పెట్టుకోవాలి.

మేయర్‌కు, కౌన్సిల్‌కు మధ్యే వివాదం వస్తే బయటి న్యాయవాదిని నియమించుకునే అధికారం, దానికి నిధులు కౌన్సిల్ చేతిలో ఉండాలి. ఆ నిబంధనను ఇప్పుడే రాయాలి. వివాదం మొదలయ్యాక దాన్ని రాయడానికి ఎవరూ ఒప్పుకోరు.