పన్నెండు గళ్ళ పట్టిక పక్కన పెట్టి తద్ధర్మం గుర్తుచేయండి సార్

ఇంగ్లిష్ టెన్సులు అనగానే మన బడుల్లో బోర్డు మీద మొదట పడేది పన్నెండు గళ్ళ పట్టిక. పిల్లలు దాన్ని ఎక్కాల్లా అప్పజెబుతారు. ‘హి విల్ హావ్ బీన్ రైటింగ్’ దాకా తడబడకుండా వస్తారు. ఆ ఆఖరి గడిలో మాటను మామూలు మాటల్లో ఎవరైనా వాడగా నేనైతే వినలేదు. అదే పిల్లవాణ్ణి ‘రోజూ ఎన్నింటికి లేస్తావో ఇంగ్లిష్‌లో చెప్పరా’ అనండి. ‘డెయిలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్’ అంటాడు. బీటెక్ అయిపోయి ఇంటర్వ్యూలో కూర్చున్నాక కూడా అదే అంటాడు.

వాణ్ణి ఏమనీ లాభం లేదు. ‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఆరింటికి లేస్తాను’. తెలుగులో రెండుచోట్లా ‘లేస్తాను’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మాత్రం రోజూ చేసేదానికి ‘ఐ గెటప్’, రేపటిదానికి ‘ఐ విల్ గెటప్’. ఈ ఒక్క ముక్క విడమరిచి చెబితే సగం గొడవ తీరిపోతుంది. పట్టికలో ఏ రూపం ఎలా కట్టాలో ఉంటుంది గానీ, ఎప్పుడు వాడాలో ఉండదు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈ తేడా మన పిల్లలకు ముందే తెలుసు. తెలుగు పీరియడ్‌లో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది చెబుతారు కదా. స్వభావాన్ని, అలవాటును, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పేది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’, ‘పక్షులు ఎగురుతాయి’. చిన్నయసూరి వ్యాకరణం నుంచీ వస్తున్న సంగతే. ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్ చేసే ముఖ్యమైన పని అచ్చంగా ఇదే. అయినా తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లిష్ సార్ వచ్చి, ప్రెజెంట్ అంటే వర్తమానం అని, ‘ఐ గో’ అంటే ‘నేను వెళ్తున్నాను’ అని నోట్సు రాయిస్తారు. ఆ ఇద్దరు సార్లూ స్టాఫ్ రూములో పక్కపక్కనే కూర్చుని టీ తాగుతారు. ఒక్కసారైనా ఈ మాట వాళ్ళ మధ్య రాదా?

ఇక ‘ఇంగ్’ పిచ్చి. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’. దీన్ని మాతృభాష ప్రభావం అని కొట్టిపారేస్తారు. నిజానికి తెలుగును నమ్ముకుని ఉంటే ఈ తప్పు వచ్చేదే కాదు. తెలుసు, కావాలి, ఇష్టం, ఇద్దరు అన్నలు ఉన్నారు. వీటిలో దేనికీ మనం ‘తున్నాను’ తగిలించం. ఇంగ్లిష్‌లోనూ నో, వాంట్, లైక్, హావ్‌లకు మామూలుగా ‘ఇంగ్’ పెట్టరు. (‘హావింగ్ లంచ్’ వేరు, అక్కడ హావ్ అంటే తినడం.) ‘రేపు హైదరాబాద్ వెళ్తున్నాను’ అన్నదీ అంతే, ‘ఐ యామ్ గోయింగ్ టు హైదరాబాద్ టుమారో’ అని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. కంటిన్యువస్ అంటే ఈ క్షణంలో జరిగేదే అని నూరిపోశారు కాబట్టి పిల్లలకు అలా అనడానికి ధైర్యం చాలదు.

తెలుగు నిజంగా దారి తప్పించేది ‘నుంచి’ దగ్గర. ‘రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను’ అన్నది ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అయిపోతుంది. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి ‘హావ్ బీన్ వర్కింగ్’ రావాలి. ఆ పెద్ద పట్టికలో కష్టపడి నేర్చుకోదగ్గ గడి ఇదొకటి. సిన్సా, ఫరా అని టెన్షన్ పడేవాళ్ళకు నేను చెప్పే కిటుకు: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళుగా’ కుదిరింది, అక్కడ ఫర్. ‘2022గా’ కుదరలేదు, అక్కడ సిన్స్.

జరిగిపోయినవాటికి ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘2019లో’ అని సమయం చెప్పేస్తే సింపుల్ పాస్ట్. ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ కుదరదు. ఎప్పుడన్నది కాకుండా ఇప్పుడు మిగిలిందేమిటన్నది ముఖ్యమైతే హావ్. ‘ఐ హావ్ లాస్ట్ మై కీస్’ అంటే తాళాలు ఇంకా దొరకలేదు, బయటే నిలబడ్డానని. ఇందులో మరీ పట్టుదల అక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ళు ‘ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్’ అనేచోట అమెరికాలో ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని కూడా హాయిగా అనేస్తారు.

కానీ ఆ ‘హాడ్’ను మాత్రం దయచేసి వదిలేయండి. ఆఫీసు మెయిళ్ళలో ‘ఐ హాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్’ అని ఏదో హుందాగా ఉంటుందని రాస్తున్నారు. హాడ్ రావాలంటే జరిగిపోయినవి రెండు ఉండాలి: మేం స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది, ‘ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్’. మీరు తిరుపతి వెళ్ళారు, దర్శనం చేసుకున్నారు, వచ్చేశారు. ‘ఐ వెంట్’ చాలండీ.