ఎడమ చేత అందుకొని, కుడి చేత అందించి

తెనాలి దగ్గర ఒక పల్లెలో జరిగిన మా కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 7 రోజుల ప్రత్యేక శిబిరానికి పిల్లలకు తోడుగా వెళ్లి నిన్న రాత్రే ఇల్లు చేరాను. అరచేతుల్లో బొబ్బలు ఇంకా తగ్గలేదు. బస్సు ప్రయాణం, బడి వరండాలో పడక, సర్పంచి గారి ప్రసంగం వంటివన్నీ వదిలేసి నేరుగా మూడో రోజు ఉదయానికి వస్తాను.

ఆనాటి పని సైడు కాలువలో పూడిక తీసి రోడ్డు వార గుట్ట పోయడం. తలా ఒక తట్ట మోస్తే మధ్యాహ్నానికీ తెమలదని, కాలువ నుంచి గుట్ట దాకా 20 మందిని వరుసగా నిలబెట్టి, "ఎడమ చేత అందుకోండి, కుడి చేత అందించండి, మరేమీ ఆలోచించకండి" అని సూత్రం చెప్పిన మేధావిని నేనే. ఖాళీ తట్టలు ఎటు పేరుకుపోతే అటు నుంచి రెండో వైపుకు చేరవేయడానికి ఇద్దరు జూనియర్లను పెట్టాను. పని గడియారంలా సాగింది. నేను వరుస నడుమ నిలబడి తట్టలు లెక్కపెడుతున్నాను.

30 దాటాక మా కోఆర్డినేటర్ గారు వచ్చారు. ఆయన పార పట్టగా చూసినవారు లేరు గాని, తీసిన చోటు నమోదయ్యే జియోట్యాగ్ ఫోటో లేని సేవను సేవగా ఒప్పుకోరు. ఎండ మా వీపుల మీద ఉండటంతో ముఖాలు నల్లగా పడుతున్నాయని, "అందరూ వెనక్కి తిరగండి, పని మాత్రం ఆపకండి, సహజంగా ఉండాలి" అని ఆజ్ఞాపించారు. మేము తిరిగాం. పని ఆపలేదు.

మనిషి వెనక్కి తిరిగితే అతని ఎడమ కుడి అవుతుందన్న సంగతి, 22 ఏళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్న నాకు ఆ క్షణాన తట్టలేదు. గుట్ట దగ్గరి కుర్రవాడు ఖాళీ తట్టలు రాగానే వాటిని నింపి ఇచ్చాడు; కాలువ దగ్గరివాడు నిండు తట్టలు రాగానే కాలువలో బోర్లించాడు. ఇంతకుముందు అప్పుడప్పుడూ జారిపడిన తట్ట ఇప్పుడు ఒక్కటీ జారలేదు. ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జీ మీద కోణార్క రథచక్రం ఉంటుంది. దాని 8 ఆకులు రోజులోని 24 గంటలకు గుర్తని మొదటి రోజే పిల్లలకు వివరించాను. మా బురద ఆ చక్రాన్ని అక్షరాలా ఆచరించి చూపింది. నేను 58, 59 అని మరింత గట్టిగా అరుస్తున్నాను. పిల్లలు వంత పాడుతున్నారు.

ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ముసలమ్మ చాలాసేపు ఓపిక పట్టింది. చివరికి, "ఏందయ్యా మాస్టారూ, పొద్దున తీసిందంతా మళ్లా కాలవలోనే పోస్తన్నారు, ఏమన్నా మొక్కా?" అంది.

వరుస ఆగిపోయింది. 20 జతల కళ్లు నా వైపు తిరిగాయి. ఈసారి ఎవరూ ఎడమా కుడీ పొరబడలేదు. కోఆర్డినేటర్ గారు మాత్రం ఫోన్ లోంచి తల ఎత్తకుండానే, "ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, మొత్తం ఎన్ని తట్టలండీ?" అని అడిగారు.

71 అని చెప్పాను. నివేదికలో అదే పడింది.