డ్రాప్ చేస్తారట!

హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ తోడు తొక్కేవారిని వెదుక్కోవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు గండిపేట దారిలో సైకిలుతో నిలబడితే చాలు, ఎవరో ఒకరు తగిలేవారు. దూరం 40 కిలోమీటర్లని ఇంట్లో చెప్పేవాళ్ళం గానీ, మా లెక్క వేరు: ఇడ్లీ బండికి ముందు 15, ఇడ్లీ బండి తరువాత 25. ఎవరి గొలుసు తెగినా, ఎవరి టైరులో గాలి పోయినా అందరం ఆగిపోయేవాళ్ళం. అది స్నేహధర్మం అని చెప్పుకునేవాళ్ళం. నిజానికి ఊపిరి పీల్చుకోవడానికి సాకు దొరికిందన్న సంతోషమే ఎక్కువ. ఒక మిత్రుడికి వారం వారం పంక్చరయ్యేది. అతణ్ణి మేమంతా ఎంత ప్రేమించేవాళ్ళమో!

అలాంటి నన్ను ఉద్యోగం మెల్‌బోర్న్‌లో పడేసింది. సైకిలును వదలలేక పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాను. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు టైర్లకు మట్టి అంటి ఉండకూడదు. పరాయి మట్టిలో పురుగో విత్తనమో వచ్చి తమ పంటలను పాడు చేస్తుందని వాళ్ళ భయం. అందుకని రెండు రోజుల పాటు పాత పళ్ళ బ్రష్షుతో టైరు గాట్లన్నీ తోమాను. మా అమ్మ చూసి, "పెళ్ళినాడు కూడా నువ్వు ఇంత శ్రద్ధగా తలంటు పోసుకోలేదురా" అంది. విమానాశ్రయంలో అధికారి టార్చి వేసి చూసి, తల ఊపి పంపేశాడు. గండిపేట మట్టి ఒక్క రేణువు కూడా నా వెంట రాలేదు. గండిపేట మనుషులు సరే సరి.

మొదట మనవాళ్ళనే అడిగాను. ఉగాది పచ్చడి చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు కాబట్టి, అదే అదనుగా ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి శనివారం సైకిలు తొక్కుదాం రమ్మన్నాను. 11 మంది వస్తామన్నారు. పన్నెండో ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఉద్యోగం ఏమైనా పోయిందా నాయనా? మొహమాటపడకు, కారు కావాలంటే మా పాతది ఉంది" అన్నారు. ఆ శనివారం వచ్చింది ఒక్కరు. ఆయన కూడా కారులో, పులిహోరతో, నేను తొక్కుతుంటే చూద్దామని వచ్చారు.

ఇక స్థానికులే దిక్కనుకున్నాను. ఒక సైకిళ్ళ దుకాణం గోడ మీద కాగితం కనిపించింది. శనివారం ఉదయం 6 గంటలకు సెయింట్ కిల్డా తీరంలో కలవడం, బీచ్ రోడ్డు మీద మోర్డియాలక్ దాకా సుమారు 20 కిలోమీటర్లు తొక్కడం, కాఫీ తాగడం, తిరిగి రావడం. కొత్తవారికి స్వాగతం, నెమ్మది వేగం. కింద పెద్ద అక్షరాలతో "నో డ్రాప్" అని రాసి ఉంది.

ఆ చివరి మాట నాకు కాస్త కష్టం కలిగించింది. ఇంటి దగ్గర దిగబెట్టకపోతే పోయారు, ఆ సంగతి అంత పెద్ద అక్షరాలతో ముందే చెప్పాలా? మన దగ్గర ఎంత పిసినారి అయినా "డ్రాప్ చేయమంటారా?" అని మాటవరసకైనా అంటాడు. ఆఫీసులో సైకిలు తొక్కే సహోద్యోగి దగ్గర ఈ మాట ఎత్తితే, అతను ఇంకో విచిత్రం చెప్పాడు. అదే చోట, అదే వేళకు ఇంకో గుంపు కూడా కలుస్తుందట. "వాళ్ళతో మాత్రం వెళ్ళకు. ఐదు నిమిషాల్లో డ్రాప్ చేసేస్తారు" అన్నాడు. ఐదు నిమిషాల్లో ఇంటికి దిగబెట్టే మహానుభావులతో వెళ్ళవద్దంటాడేమిటి? వీడికేదో ఈర్ష్య అనుకున్నాను.

హెల్మెట్టు లేనిదే ఇక్కడ సైకిలెక్కకూడదు. 1990లో ప్రపంచంలోనే మొదటగా ఈ విక్టోరియా రాష్ట్రమే అందుకు చట్టం చేసింది. హెల్మెట్టు కొనడానికి వెళ్తే దుకాణదారు నాకు బూట్లు, పెడళ్ళు కూడా అంటగట్టాడు. బూటు అడుగున ఉన్న బిళ్ళను పెడలు పట్టేసుకుంటుంది. మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది. కాలును ఇలా కట్టిపడేసే ఈ పెడలును సైకిలు లోకంలో క్లిప్‌లెస్ అంటారు, అంటే క్లిప్పు లేనిదని. పేరు పెట్టినవాడికి నాలాగే ఇంగ్లీషుతో పేచీ ఉండి ఉంటుంది.

సెప్టెంబరు మొదటి శనివారం. ఇక్కడ అది వసంతమట. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తెలిసీ తెలియని వెలుతురులో సెయింట్ కిల్డా చేరేసరికి ఒక గుంపు కాదు, నాలుగు గుంపులున్నాయి. అందరివీ ఒంటికి అతుక్కున్న బట్టలే, అందరికీ నల్ల కళ్ళద్దాలే, అందరివీ నున్నగా గొరిగిన కాళ్ళే. పెళ్ళిళ్ళ సీజనులో ఫంక్షను హాళ్ళ వీధి చూశారా? ఏ గుమ్మంలోకి వెళ్ళినా పన్నీరు చల్లుతారు, పంక్తిలో కూర్చోబెడతారు; పప్పు వడ్డించాక గానీ పెళ్ళికొడుకు మనవాడు కాడని తెలియదు. నేను దగ్గరలో ఉన్న గుమ్మంలోకి వెళ్ళాను. సుమారు 30 మంది. ఒకాయన "ఎలా వెళ్తున్నావు?" అని ఇంగ్లీషులో అడిగాడు. "సైకిలు మీదే" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. అది ఇక్కడ క్షేమసమాచారం అడిగే పద్ధతని తరువాత తెలిసింది. ఆ నవ్వుతో సభ్యత్వం వచ్చేసిందనుకుని మధ్యలో దూరాను.

మొదటి రెండు కిలోమీటర్లు స్వర్గం. కుడివైపు పోర్ట్ ఫిలిప్ అఖాతం, వెనుక నుంచి ఉత్తరపు గాలి. ఇద్దరిద్దరుగా బారులు తీరిన సైకిళ్ళు. ముందువాడి చాటున తొక్కితే మూడో వంతు శ్రమ తగ్గుతుందని చదివాను గానీ, అనుభవం ఇదే మొదలు. గండిపేట దారిలో మేము ఒకరి చాటున ఒకరం తొక్కింది లేదు. పక్కపక్కన ఉంటే తప్ప కబుర్లు వినబడవు. ఇక్కడ ముందున్నవాళ్ళు గాజుపెంకు ఉంటే వేలు చూపిస్తారు, గుంత ఉంటే అరుస్తారు, ఆగిన కారు ఉంటే నడుము వెనుక చెయ్యి ఊపుతారు. ఆ మర్యాదకు నా కళ్ళు చెమర్చాయి. మన దగ్గర గుంత గుంతకూ వేలు చూపించే పని పెట్టుకుంటే ఆ చెయ్యి మళ్ళీ హ్యాండిలు మీదికి రాదు.

ఎల్‌వుడ్ దాటాక చెమర్చింది కళ్ళు కాదు, ఒళ్ళంతా. మీటరు చూశాను. గంటకు 43 కిలోమీటర్లు! హైదరాబాదులో ఈ అంకె నాకు ఒక్కసారే కనబడింది, అదీ ఫ్లైఓవరు దిగుతూ, వెనుక కుక్క తరుముతుంటే. నెమ్మది వేగం అంటే వీళ్ళ దృష్టిలో ఇదేనా? ఆస్ట్రేలియా పెద్ద దేశం కదా, అన్నీ పెద్దగానే ఉంటాయి కాబోలు అనుకున్నాను. బయటపడదామంటే దారి లేదు. ముందు చక్రానికీ నా చక్రానికీ మధ్య జానెడు, నా చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య జానెడు. బ్రైటన్ తీరంలో రంగురంగుల చెక్క గదులుంటాయి, ఊరికి వచ్చిన ప్రతివాడూ అక్కడ ఫోటో దిగుతాడు. నేను వాటిని దాటానని తరువాత పటం చూస్తే తెలిసింది. అప్పుడు నాకు కనిపించిన దృశ్యం ముందున్న ఆయన వీపు ఒక్కటే. ఇప్పటికీ ఆ వీపును వెయ్యిమందిలో గుర్తు పట్టగలను.

పక్కనున్న ఆయనకు నా ఊపిరి వినిపించినట్టుంది. జాలిగా చూసి, "ఇలా అయితే నువ్వు డ్రాప్ అయిపోతావు, మేట్" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు, పెళ్ళి మారిందని. ఇది డ్రాప్ చేసే గుంపు! భయంతో పాటు చిన్న ఊరట కూడా కలిగింది. "చాలా సంతోషం. సెయింట్ కిల్డా దాకా చాలు, అక్కడి నుంచి నేను వెళ్ళిపోగలను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మరింత జాలిగా చూశాడు.

శాండ్రింగ్‌హమ్ దగ్గర చిన్న ఎత్తు. ఎత్తని దాన్ని పిలిస్తే మన కొండలు నొచ్చుకుంటాయి. అక్కడ నాకూ ముందు వీపుకూ మధ్య జానెడు మూరెడయింది, మూరెడు బారెడయింది. ఒక్కొక్కరే నన్ను దాటుకుంటూ పోయారు. దాటిన ప్రతివాడూ "బాగా తొక్కుతున్నావు" అని మెచ్చుకున్నాడు. ఇంతమంది మెచ్చుకుంటుండగా వెనుకబడిపోవడం నా జీవితంలో అదే మొదటిసారి. బ్లాక్ రాక్ వచ్చేసరికి దారి మీద నేనూ, నా వెనుక గాలీ మిగిలాం. గాలి ఒక్కటే మాట మీద నిలబడింది.

ఆ గాలి పుణ్యాన మోర్డియాలక్ చేరాను. దూరంగా కాఫీ దుకాణం ముందు ఆ 30 మందీ కూర్చుని కనిపించారు. దుకాణానికి ముందు సిగ్నలు. ఎర్రదీపం. ఠీవిగా ఆగాను. ఎడమ కాలు కింద పెడదామనుకున్నాను. కాలు రాలేదు. మడమ తిప్పాలన్న సంగతి బుర్రకు గుర్తొచ్చింది గానీ, ఆ వార్త మడమకు చేరేలోపు నేనూ సైకిలూ విడదీయరాని జంటగా, ఏ తొందరా లేకుండా ఎడమవైపుకు ఒరిగాం. వేగంగా వెళ్తూ పడితే వీరమరణం. ఆగి పడితే చూసేవారికి వినోదం. 30 కాఫీ కప్పులు ఒక్కసారిగా బల్లల మీదికి దిగాయి.

ఒకాయన పరుగున వచ్చి, "రైటేనా, మేట్?" అన్నాడు.

"కాదు, లెఫ్ట్" అన్నాను, మోకాలు చూపిస్తూ.

ఈసారి నవ్వింది అందరూ. లేపి కూర్చోబెట్టారు, కట్టు కట్టారు, కాఫీ ఇప్పించారు. పేరడిగారు. సుబ్బారావు అన్నాను. ఇక్కడివాళ్ళకు పేర్లు పొడుగ్గా ఉంటే దురద. క్షణంలో కత్తిరించి "సబ్" అని చేతిలో పెట్టారు. ఆ తరువాత తమ చర్చలోకి వెళ్ళిపోయారు. చక్రంలో 80 గ్రాములు తగ్గించడానికి ఎంత ఖర్చయిందో ఒకాయన ఆవేశంగా చెబుతున్నాడు, అంతకు రెట్టింపు బరువున్న కేకు తింటూ.

రెండో కాఫీ నడుస్తుండగా మరో గుంపు దిగింది. పదిమంది లోపే ఉంటారు. అందరి ముఖాల్లోనూ ఆందోళన. నెరిసిన జుట్టు ఆవిడ మా బల్ల దగ్గరకు వచ్చి, "మా కొత్త మనిషి ఒకరు తప్పిపోయారు. మీకెక్కడైనా కనిపించారా? భారతదేశం నుంచి వచ్చారట, నెమ్మదిగా తొక్కుతానని ముందే చెప్పారు. సెయింట్ కిల్డాలో అరగంట చూశాం, దారంతా వెదుక్కుంటూ వచ్చాం. సుబ్బారావు అని..." అంది.

మా వాళ్ళు అడ్డంగా తలలూపారు. "సుబ్బారావు ఎవరూ లేరు. ఇతను సబ్" అన్నాడొకాయన నా భుజం తట్టి.

కట్టు కట్టిన మోకాలితో మెల్లగా లేచి నిలబడ్డాను. తరగతిలో ఫీజు కట్టనివాడు లేచినట్టు.

ఆవిడే నాకు అర్థం విడమరచి చెప్పింది. డ్రాప్ అంటే దిగబెట్టడం కాదట, దారిలో వదిలేసి పోవడమట. 'నో డ్రాప్' అంటే ఎంత ఆలస్యమైనా ఎవరినీ వదలకపోవడమట. ఒకటే మాట, మనకు ఇంటి దాకా తోడు రావడం, వీళ్ళకు నడిరోడ్డు మీద విడిచిపెట్టడం! నా సహోద్యోగి మీద నేను అన్యాయంగా మోపిన ఈర్ష్యను మనసులోనే వెనక్కు తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో తమతో రమ్మన్నారు. అంతసేపూ వెనుక నుంచి తోసిన గాలి ఇప్పుడు ఎదురుగాలి. మోకాలు పూరీలా పొంగింది. రైల్లో పోతానన్నాను. ఆవిడ ఒప్పుకోదు. మేము ఎవరినీ వదలం అంటుంది. కావాలంటే నడిపించుకుంటూ తీసుకెళ్తామంది. ఎవరినీ వదలనివాళ్ళను వదిలించుకోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. చివరకు ఆరుగురు స్టేషను దాకా వచ్చి నన్నూ సైకిలునూ రైలెక్కించి, కదిలేదాకా చేతులూపారు. అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్లకు కూడా ఇంత వీడ్కోలు దొరకదు.

రైల్లో సైకిలుకు టిక్కెట్టు అక్కర్లేదు. మొదటి పెట్టె మొదటి తలుపు దగ్గర మాత్రం ఎక్కించకూడదు. నేనెక్కిన పెట్టెలో మరో సైకిలు ఉంది. దాని యజమాని నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అతని హెల్మెట్టు మీద ప్లాస్టిక్ పుల్లలు ముళ్ళపందికి లేచినట్టు లేచి ఉన్నాయి. ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు, తెలుగులో.

"తొక్కుతున్నానమ్మా, ఇంకో పది కిలోమీటర్లు... రైలు చప్పుడా? రైలెక్కడిది? ఎదురుగాలి! ఆ హోరు అదే... ఎవరో ఆడమనిషి మాట్లాడుతోందా? దారి పక్కన ఏదో... తరువాతి స్టేషను అంటోందా? నువ్వు సరిగ్గా విన్నట్టు లేదు."

ఫోను పెట్టి ఇటు తిరిగాడు. నా సైకిలును చూశాడు, నా మోకాలిని చూశాడు, చివరకు నా ముఖం చూశాడు.

"తెలుగువారా అండీ?"

"అవునండీ."

"విన్నారా?"

"ఎదురుగాలి కదండీ, సరిగ్గా వినిపించలేదు" అన్నాను.

అంతే, ముడి పడిపోయింది. విజయవాడ మనిషి. రెండేళ్ళలో మూడు గుంపులు అతణ్ణి డ్రాప్ చేశాయట, ఇద్దరు సొంత బావమరుదులతో సహా. హెల్మెట్టు మీది పుల్లలు మ్యాగ్‌పైల కోసమట. నలుపూ తెలుపూ కలిసిన ఆ పిట్టలు గూళ్ళు పెట్టే ఈ కాలంలో సైకిలువాళ్ళ వెంటపడి నెత్తి మీద పొడుస్తాయి. పైగా మనిషి ముఖం గుర్తు పెట్టుకుంటాయట. "మన వెనకాలే ఉండి, ఎంత మెల్లగా తొక్కినా వదిలిపెట్టనిది ఈ ఊళ్ళో అదొక్కటేనండీ" అన్నాడు.

మా స్టేషను వచ్చేలోపు నియమావళి తయారైంది. ఉత్తరపు గాలి వీచే శనివారాలు మాత్రమే తొక్కడం. గాలివాటున మోర్డియాలక్. కాఫీ. ఆపైన రైలు. రైలు సంగతి ఎవరింట్లోనూ ఎత్తకూడదు.

కుంటుకుంటూ ఇల్లు చేరాను. మా ఆవిడ తలుపు తీసి, మోకాలు చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో, ఈ కాలితో ఎలా వచ్చారండీ? అంతమంది ఉన్నారు కదా, ఒక్కరు కూడా డ్రాప్ చేయలేదా?"

"ఒక్కరేమిటి, 30 మందీ చేశారు" అన్నాను.

"పోనీలెండి, మంచివాళ్ళే దొరికారు" అంటూ పసుపు తేవడానికి లోపలికి వెళ్ళింది.