జీతం లేని పనికి శనివారం ఎందుకు?

"ఏమ్మా, జీతం లేని పనికి అంత టెన్షన్ దేనికి?" అని పోయిన వేసవిలో మా నాన్న అడిగారు. గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చారు. శనివారం పొద్దున్నే నేను లాప్‌టాప్ ముందేసుకుని కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ఆఫీసు పనయితే సరే అనేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడానికి సెలవు రోజు పాడుచేసుకోవడం ఏమిటని ఆయన బాధ.

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఓపెన్ సోర్స్‌లోకి, అంటే ఎవరైనా చదివి మార్చుకునేలా కోడ్ బయటపెట్టే సాఫ్ట్‌వేర్ పనిలోకి, మొదట ఎక్కువమంది తమ అవసరం కోసమే వస్తారు. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ళ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను తన కంప్యూటర్ కోసమే మొదలుపెట్టారు. ఇదొక హాబీ, పెద్దదేమీ అవదు అని అప్పట్లో ఆయనే రాశారు. నా అవసరం ఇంకా చిన్నది. నేను వాడే నోట్స్ ప్రోగ్రాంలో "స్త్రీ" అని కొడితే ఒత్తులు విడిపోయేవి. మనకు అది ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ ముక్కల్ని పేర్చి అక్షరంగా చూపించడానికి వేరే ప్రోగ్రాం కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్సే. నేను ఆ నోట్స్ ప్రోగ్రాం చూసుకునేవాళ్ళకు తప్పు ఎక్కడుందో రాసి పంపాను. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి మర్నాడే స్క్రీన్‌షాట్లు అడిగి, వారంలో సరిచేశాడు. ఆ "స్త్రీ" కుదురుగా కనిపించిన రోజు కలిగిన సంతోషం నాకు ఏ ప్రమోషన్ వచ్చినప్పుడూ కలగలేదు.

అవసరం తీరాక కూడా కొందరు ఉండిపోతారు. ఎక్కడో ఎవరో తమ పని మీద ఆధారపడ్డారని తెలిశాక వదిలి వెళ్ళడానికి మనసొప్పదు. (లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఇవాళ ఎక్కువ పని కంపెనీల జీతం మీద ఉన్నవాళ్ళే చేస్తున్నారు. నేను మాట్లాడేది ఆ జీతాలు చేరని చిన్న ప్రాజెక్టుల గురించి.) అలా ఉండిపోయినవాళ్ళనే మనం ఒంటరిగా వదిలేస్తున్నాం.

ఎక్స్‌జెడ్ సంగతి చూడండి. ఫైళ్ళను కుదించే చిన్న పనిముట్టు, దాదాపు ప్రతి లైనక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకున్నారు. 2022లో పనులు ఆలస్యమవుతున్నాయని కొందరు ఆయన్ని నిలదీశారు. చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని హాబీ అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే జియా టాన్ అన్న పేరుతో ఒకరు సాయానికి చేరి, రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, 2024లో అందులో పరాయివాళ్ళు సర్వర్లలోకి చొరబడే దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయింద్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి ఆ మార్చిలోనే బయటపడింది. ఇది తలుచుకుంటే ఆ దొంగ కన్నా, అన్నేళ్ళూ ఎక్స్‌జెడ్‌ను చూసుకున్న ఆ మనిషి పక్కన కూర్చున్నవాళ్ళు లేకపోవడమే నన్ను బాధిస్తుంది. చందాలివ్వడం మంచిదే. కానీ ఆయనకు ముందు కావలసింది పని పంచుకునే మనిషి.

ఆ మనిషి టీషర్టు కోసం వస్తే లాభం లేదు. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. ఉన్న వాక్యానికి ఒక మాట తగిలించి పంపినవాళ్ళు కుప్పలు తెప్పలు. ఆ చెత్త తీసే పని మళ్ళీ ఆ ఉచితంగా పనిచేసేవాళ్ళ మీదే పడింది. మన పిల్లలకు రెజ్యూమే కోసం ఇలాంటి కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో అకౌంట్ తెరిపించే తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడి మన తెలుగు సంఘం నెలకో శనివారం లైబ్రరీలో ఒక గది తీసుకుంటే చాలు. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ లాంటివాటి తెలుగు అనువాదాలు సరిచూడవచ్చు, ఫోన్లలో ఒత్తులు ఎక్కడ చెదురుతున్నాయో రాసి పంపవచ్చు. హైస్కూలు పిల్లల సేవా గంటల్లో దీన్నీ లెక్కించాలి. కోడ్ రాసేవాళ్ళు మాత్రం ముందు తమ ఉద్యోగ ఒప్పందం చదివి, మేనేజరుకు చెప్పి మొదలుపెట్టండి. మంచి తెలుగు వచ్చి, ఇక్కడ పగలంతా ఏం తోచక కూర్చునే అమ్మానాన్నలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు?

మా నాన్న సంగతి చెప్పాలి. ఓ శనివారం నా వెనక నిలబడి, ఒక మెనూలో రెండు చోట్ల "దాచు" అని ఉండడం చూశారు. ఒకటి సేవ్, ఇంకోటి హైడ్. "రెండూ దాచడమే అయితే నా ఉత్తరం ఉన్నట్టా, కనబడకుండా పోయినట్టా?" అన్నారు. మొదటిదాన్ని "భద్రపరచు" అని మార్చి పంపాం. పై శనివారం నేను లేచేసరికి ఆయన కళ్ళజోడు పెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఇంకా ఎన్ని మాటలున్నాయమ్మా?" అని అడిగారు.