ఆగితే మైకు మూసుకుంటుంది

విదేశం వెళ్లడానికి రాసే ఇంగ్లిషు పరీక్ష మా మేనకోడలు నాలుగోసారి తప్పింది. చదవడంలో, రాయడంలో మార్కులు దండిగానే వచ్చాయి. మాట్లాడటంలో మూడు తగ్గాయి. కోచింగ్ సారు స్కోరు కార్డు చూసి "లయ లేదమ్మా నీకు" అని తేల్చాడు. తొమ్మిదేళ్లుగా ఐసీయూలో నర్సుగా చేస్తున్న పిల్లకి మార్కులు వేసింది ఒక కంప్యూటరు.

నేను సహజంగానే కంప్యూటరు పక్షం. దానికి కులం లేదు, సిఫార్సు చెల్లదు. 2017లో ఆస్ట్రేలియాలో స్థిరపడదామనుకున్న ఐర్లండ్ పశువైద్యురాలు ఒకావిడ ఇలాంటి యంత్రం ముందే కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషే మాట్లాడిన మనిషి, పైగా రెండు డిగ్రీలు. 79 రావాల్సిన చోట 74 వచ్చాయి. అమ్మ ఒళ్లో నేర్చుకున్న భాషలో తప్పింది! యంత్రానికి పక్షపాతం లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అసలు తప్పు మనదే. ఇంగ్లిషులో ఒక అక్షరాన్ని నొక్కి పలికి, పక్కవాటిని మింగేయాలి. 'ఫోటోగ్రాఫ్'లో నొక్కు మొదటి అక్షరం మీద. చివర 'అర్' అని తోక తగిలించగానే అది రెండోదాని మీదకి దూకుతుంది. ఎందుకు దూకిందని అడగకూడదు. మనమేమో 'బనానా'లో మూడక్షరాలకీ అంతో ఇంతో న్యాయం చేస్తాం. వాళ్లు నడిమిదాన్ని ఒక్కదాన్నే మనిషిగా చూస్తారు. మనకు బరువంటే కాలం: పద్యంలో గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. వాళ్లకి బరువంటే నొక్కు. ఇక యతి సంగతి. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండో అక్షరం. సంస్కృతం వాళ్లు అక్కడ కాస్త ఆగమన్నారు, మనవాళ్లు ఆగడం మానేసి అక్షరమైత్రి కుదిర్చారు. యంత్రం ఛందస్సు మరో మెట్టు పైన. మూడు సెకన్లు ఆగావా, మైకు మూసుకుంటుంది. ఊపిరి తీసుకోవడమే యతిభంగం.

అందుకే అమీర్‌పేటలో సారు మంత్రోపదేశం చేశాడు: "అర్థం తర్వాత. ధార ముఖ్యం." బొమ్మ చూపిస్తారు. 25 సెకన్లు చూసి, 40 సెకన్లు వర్ణించాలి. ఏ బొమ్మకైనా సరిపోయే వాక్యాలు ముందే బట్టీ పట్టిస్తారు, మధ్యలో ఖాళీలు పూరిస్తే చాలంటారు. ఇక మా ఇంట్లో నెలరోజులు అదే పారాయణం. కరెంటు బిల్లు వస్తే "ఈ చిత్రం ఎంతో విలువైన సమాచారం అందిస్తోంది" అని ఇంగ్లిషులో మొదలుపెట్టేది. స్టవ్ మీద కూర మాడుతుంటే పక్కనే నిలబడి, "ఇందులో ఒక మూకుడు కనబడుతోంది, అత్యధిక నలుపు అడుగుభాగంలో నమోదైంది, మొత్తం మీద వంకాయలు తగ్గుముఖం పట్టాయి" అంది, చివర స్వరం కిందికి దించుతూ. స్టవ్ కట్టమంటే చేత్తో ఆగమని సైగ చేసింది, ఇంకా పన్నెండు సెకన్లున్నాయట. మంట ఆర్పింది మా అమ్మ. పొగకి దగ్గొస్తే పిల్ల ఆ దగ్గుని కూడా వాక్యంలో కలిపేసింది. "దీనికి గాలి గానీ తగిలిందేటిరా, తాయెత్తు కట్టించు" అని అమ్మ నా వెంటపడింది. తాయెత్తు కోచింగ్ ఫీజుకన్నా చవకే గానీ, గ్యారంటీ రెండింటికీ ఒకటే.

పరీక్షలో పక్క సీటు కుర్రాడు నదుల పటాన్ని అమ్మకాల గ్రాఫులా వర్ణించాడట. గోదావరి గత ఏడాదికన్నా పెరిగిందన్నాడట. పాసయ్యాడు. ధార తప్పలేదు మరి.

మా పిల్లకి ఆగే జబ్బు. రాత్రి రెండింటికి వెంటిలేటరు తీసిన ముసలాయన బెదిరిపోయి చెయ్యి లాక్కుంటుంటే "ఏం కాదు తాతా" అంటుంది. అని ఆగుతుంది. ఆయన నోట మాట వచ్చేదాకా చెయ్యి పట్టుకుని ఆగుతుంది. ఒక్కోసారి మూడు నిమిషాలు పడుతుంది. అది దాని పని. ఆ పని చేతకాదన్న వాడెవడు? మంచం మీదున్న మనిషికి నీ మాట అర్థమైందా అని ఒక్కడైనా అడిగాడా? ఒక్కోసారికి రూ.15,000 దాటిన ఫీజు నాలుగుసార్లు గుంజారు కదా, అప్పుడు మాత్రం ఎక్కడా లయ తప్పలేదేం? సిగ్గుండాలి!

మనమేం తక్కువ తిన్నాం? ఇదే పిల్ల శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో 'ఏటి' అన్నప్పుడల్లా వార్డంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు దాని పక్కనే కూర్చుని 'బనానా' నొక్కుతున్నారు.

ఐదోసారికి ఫీజు కట్టేసింది. నిన్న అన్నం తింటుంటే, ఎలా ఉందమ్మా ప్రిపరేషన్ అని అడిగాను.

"బావుంది మావయ్యా" అంది గుక్క తిప్పుకోకుండా. "ఆలోచించడం చాలావరకు తగ్గించాను."