డిజైన్ నంబర్ అడుగుతాం, ఎన్ని రోజులు తడిపారో అడగం

మా అక్క వాళ్లు ఖమ్మంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు గోడకి త్రీడీ సిమెంట్ టైల్స్ వేయించారు. అలల డిజైన్, ముదురు బూడిద రంగు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ఆ గోడ ముందే నిలబడి ఫొటోలు దిగారు. ఒక్క వర్షాకాలం దాటేసరికి అలల అంచుల వెంట తెల్లటి చారలు తేలాయి. దీపావళికి నేను వెళ్లిన రోజు పోర్టికో పక్కన ఒక టైల్ ఊడి కింద పడి ముక్కలై ఉంది. అంతకు గంట ముందు వరకు పిల్లలు అక్కడే ఆడుకున్నారు.

ముక్క తీసి చూశాను. వెనక వైపు తాపీతో నున్నగా రుద్దేసి ఉంది. మేస్త్రీ పెట్టిన సిమెంట్ ముద్ద గోడకే ఉండిపోయి, టైల్ మాత్రం ఒలిచినట్టు వచ్చేసింది. అంచుని బొటనవేలితో నొక్కితే బిస్కెట్‌లా రాలింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "ఆసిడ్‌తో కడిగి పెయింట్ కొట్టించండి సార్, పోతుంది" అన్నారు. ఆసిడ్ సిమెంట్‌నే తినేస్తుందని వాళ్లకి తెలియదనుకోవాలా?

ఆ కోపంలోనే వేరే ఊళ్లో ఈ టైల్స్ పోసే ఒక షెడ్‌కి వెళ్లి రోజంతా కూర్చున్నాను. పెద్ద మిషన్లేమీ లేవు. రబ్బరు అచ్చులు, ఒక వైబ్రేటర్ బల్ల, వెనక నీళ్ల తొట్లు, అంతే. ముందు అచ్చు లోపల స్పాంజితో పల్చగా నూనె రాస్తారు, ఎక్కువైతే టైల్ ముఖం మీద మరకలు పడతాయట. తర్వాత వైట్ సిమెంట్, మార్బుల్ పొడి, సన్న ఇసుక, ఐరన్ ఆక్సైడ్ రంగు కలిపిన ముఖం పొర. అచ్చుని బల్ల మీద పెట్టి స్విచ్ వేస్తే ఆ ముద్ద ఒక్కసారిగా పల్చబడి మూలమూలకీ పాకుతుంది, లోపలి గాలంతా పాయసం ఉడికినట్టు బుడగలు బుడగలుగా పైకొస్తుంది. అక్కడ పనిచేసే పెద్దాయన ఆ బుడగలు ఆగేదాకా కళ్లు తిప్పలేదు. తొందరపడి ముందే ఆపేస్తే టైల్ ముఖం మీద గుంటలు పడతాయని చెప్పాడు. దాని మీద మామూలు సిమెంట్, రాతి పొడి (డస్ట్), సన్న రాతి చిప్స్ కలిపిన వెనక పొర పోసి, గట్టిపడకముందే దువ్వెన లాంటి రేకుతో గీతలు గీశాడు. గోడకి అతుక్కునే పట్టు ఆ గీతల్లోనే ఉంది. మా అక్క టైల్‌కి ఒక్క గీత కూడా లేదు!

మర్నాటికి టైల్ అచ్చులోంచి వచ్చేస్తుంది, చూడ్డానికి అంతా అయిపోయినట్టే ఉంటుంది. మోసం జరిగేది కూడా ఇక్కడే. సిమెంట్ ఎండితే గట్టిపడదు, నీళ్లతో కలిసి రోజుల తరబడి లోలోపల జరిగే రసాయన చర్యతో గట్టిపడుతుంది. మామూలు ఓపీసీ సిమెంట్‌కి కనీసం 7 రోజులు, బొగ్గు బూడిద (ఫ్లై యాష్) కలిసిన పీపీసీ సిమెంట్‌కి 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీట్ పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడే చెబుతోంది, మన ఎండలకైతే ఏ సిమెంట్‌కైనా 10 రోజులు కావాలి. రెండో రోజే ఎండలో పెట్టి ఆరగానే లారీ ఎక్కిస్తే ఆ చర్య మధ్యలోనే ఆగిపోతుంది, టైల్ లోపల సన్న రంధ్రాలు మిగిలిపోతాయి. పని సులువు కావాలని నీళ్లు ఎక్కువ పోసి పల్చగా కలిపి ఉంటే ఇంకా ఎక్కువ. వాన నీళ్లు వాటిలోకి దిగి లోపలి సున్నాన్ని కరిగించి బయటికి లాక్కొస్తాయి, అది గాలి తగిలి తెల్లగా పేరుకుంటుంది. మా అక్క గోడ మీద చారలు అవే. ముదురు రంగు కాబట్టి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

నా బాధ ఏంటంటే షాపులో మనం డిజైన్ నంబర్ అడుగుతాం, అడుగుకి ఎంత అని గీచిగీచి బేరమాడతాం, ఎన్ని రోజులు తడిపారని మాత్రం అడగం. పది రోజులు తొట్టిలో ఉంచాలంటే జాగా కావాలి, నీళ్లు కావాలి, అంతకాలం డబ్బు కదలకుండా ఆగాలి. ఆ ఖర్చు కలిపి రేటు చెప్పేవాడి దగ్గర మనం కొనం. అలా నిజాయితీగా పోసేవాళ్లే షెడ్లు మూసుకోవాల్సి వస్తే అది మన తప్పు కూడా. మా అక్క వాళ్లు కూడా అడుగుకి కొంచెం తక్కువన్నారనే అక్కడ కొన్నారు.

బరువు సంగతి కూడా చెప్పాలి. అంగుళం మందం, అడుగు చదరం కాంక్రీట్ టైల్ దాదాపు ఐదున్నర కిలోలు ఉంటుంది. అంత బరువుని పై అంతస్తు ఎత్తులో నాలుగు మూలలా నాలుగు సిమెంట్ ముద్దలు పెట్టి అంటించడం ఏం ధైర్యమో నాకు అర్థం కాదు. వెనకంతా టైల్ గమ్ పట్టించాలి, పై వరసలకి క్లాంపులు కూడా వేయాలి.

ఇప్పుడు మా బావ ఆ గోడంతా వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. ఖంగుమన్నవి ఉంచేసి, డొల్లగా మోగినవాటి మీద సుద్దముక్కతో గుర్తు పెడుతున్నాడు. నిన్నటికి 41 అయ్యాయి. కొత్తవాటికి ఆ షెడ్‌లోనే ఆర్డరిచ్చాం. పెద్దాయన మూడు వారాలు పడుతుందన్నాడు, సరేనన్నాం.